ఇంగ్లీషు టీచరు మాటను ఎవరు విన్నారు?

ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు ఒకరు ఈరోజు టీచర్ల కోసం ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వేదిక దీక్షాలో ఇంగ్లీషు బోధన కోర్సు పూర్తి చేయాలంటే వీడియోలు చూడాలి, పాఠ్యాంశం చదవాలి, అక్కడక్కడ తన స్పందన టైపు చేయాలి, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఆపైన సర్టిఫికెట్ ఫోన్‌లోకే వస్తుంది. పిల్లలచేత ఇంగ్లీషు మాట్లాడించవలసిన ఆమెకు ఈ శిక్షణలో తాను ఒక్క వాక్యమైనా పైకి పలికే అవసరం సాధారణంగా రాదు. ఈ లోటు ఫోన్లతో పుట్టినది కాదు. మంచి ఇంగ్లీషు పలికే కొద్దిమంది గొంతును లక్షలమందికి చేర్చడం ఎలా అన్న ప్రశ్న చుట్టూనే ఆరున్నర దశాబ్దాలుగా మన ప్రయత్నాలు తిరిగాయి. ఆ లక్షలమంది మాటను తిరిగి వినేదెవరన్న ప్రశ్న ప్రతిసారీ వెనకబడిపోయింది.

1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలూ చేరి అది సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ (సీఫెల్) అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)గా మారింది. దేశమంతటి ఇంగ్లీషు అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడమే దాని తొలి లక్ష్యం. దాదాపు ఆ రోజుల్లోనే పొరుగున మద్రాసు రాష్ట్రంలో ప్రాథమిక స్థాయి ఇంగ్లీషు చెప్పే 27,000 మంది ఉపాధ్యాయులకు కొత్త పద్ధతి నేర్పాలని ఒక పెద్ద కార్యక్రమం తలపెట్టారు. ముందు కొందరికి నేర్పితే వారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పుతారన్నది పథకం. దొర్లేకొద్దీ పెరిగే మంచుముద్దతో పోల్చి దానికి స్నోబాల్ అని పేరు పెట్టారు. అయితే ఇటువంటి గొలుసు శిక్షణలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ పాఠం పలచబడుతుంది. మండల స్థాయిలో శిక్షణకు వెళ్లి వచ్చిన ఏ టీచరును అడిగినా ఈ మాట చెబుతారు. మధ్యలో మనుషులు ఉంటే పలచబడే పాఠాన్ని యంత్రమైతే చెక్కుచెదరకుండా మోస్తుందన్న ఆశ ఇక్కడే మొదలైంది.

ఆ ఆశకు తొలి రూపం టేపు, దాని చుట్టూ కట్టిన భాషా ప్రయోగశాల. వరుసగా గళ్లు, ప్రతి గడిలో ఒక హెడ్‌ఫోను, ఒక మైకు, ఒక టేపు యంత్రం ఉండేవి. టేపు మీద రెండు దారులు ఉండేవి. ఒకదానిలో ఉన్న గురువు గొంతు చెరగదు. రెండోదానిలో అభ్యాసకుడు తన గొంతు నింపుకుంటాడు, వెనక్కి తిప్పి రెండూ వరుసగా వింటాడు, బాగా రాకపోతే తనది చెరిపి మళ్లీ పలుకుతాడు. ముందు బల్ల దగ్గర కూర్చున్న అధ్యాపకుడు మీట నొక్కి ఏ గడిలోని మాటనైనా వినవచ్చు, ఆ ఒక్కరితోనే మాట్లాడవచ్చు. ఇంతవరకు వచ్చిన సాధనాలన్నిటిలో నేర్చుకునేవారి గొంతుకు చోటు ఇచ్చినది ఇదేనని నా అభిప్రాయం.

గురువు గొంతుతో తన గొంతును ఇలా పోల్చుకోవడం తెలుగువారికి మరీ అవసరం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్, బుక్ మన నోట బస్సు, బుక్కు అయ్యాయి. అదే అలవాటు ఇంగ్లీషు వాక్యంలోకీ వెంట వస్తుంది. ఇంగ్లీషులో వేర్వేరుగా పలికే v, w శబ్దాలకు మనకు ఉన్నది ఒక్క ‘వ’కారమే కనుక, పడమర దిక్కుకూ లోపల తొడుక్కునే బనియనుకూ తెలుగు లిపిలో ‘వెస్ట్’ అన్న ఒకే రాత మిగులుతుంది. తన గొంతు తాను విన్నప్పుడే ఇలాంటివి పట్టుబడతాయి. ఖర్చు, మరమ్మతు, గది, కరెంటు అన్నీ కావలసిన ఆ ప్రయోగశాల పల్లెటూరి బడికి ఎలాగూ రాలేదు, ఉపాధ్యాయ శిక్షణలోనూ పెద్ద సంస్థల గడప దాటింది తక్కువ. చాలా ఏళ్ల తరువాత మన ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది పాఠ్యక్రమంలో కంప్యూటర్ రూపంలో విస్తృతంగా స్థిరపడింది. అంటే ఆ సౌకర్యం ముందుగా అందింది ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే విద్యార్థులకు, బడిలో ఇంగ్లీషు చెప్పేవారికి కాదు.

పల్లెకు వెళ్లగలిగినవి ప్రసారాలే. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సాగిన ఉపగ్రహ టీవీ బోధనా ప్రయోగం ‘సైట్’లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అందులోనే ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనపై టీవీ, రేడియో, ముద్రిత పాఠం, చేసి చూసే కృత్యాలు కలిపి శిక్షణ ఇచ్చారు. ఇంగ్లీషుకు సంబంధించినది కాకపోయినా, దూరం నుంచి వేలమంది టీచర్లకు శిక్షణ ఇవ్వవచ్చని మన దేశంలో తొలిసారి పెద్ద ఎత్తున చూపినది అదే. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరదర్శన్‌లో ప్రారంభించిన కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ కార్యక్రమం కళాశాలల కోసం ఉద్దేశించినది. 2004 సెప్టెంబరు 20న ప్రయోగించిన విద్యా ఉపగ్రహం ఎడ్యుశాట్ రెండు వైపులా మాట్లాడుకునే ఏర్పాటుతో వచ్చింది కానీ, ఒక స్టూడియో ఎదుట వందల కేంద్రాలు ఉన్నప్పుడు ఒక్కో టీచరుకు మాట్లాడే నిమిషం దొరకడం కష్టమే.

రేడియో విషయంలో 1980ల తొలి భాగంలో కెన్యాలో జరిగిన పని గుర్తుంచుకోదగినది. చిన్న తరగతుల పిల్లలకు ఇంగ్లీషు నేర్పిన ఆ పాఠాల్లో రేడియో ప్రశ్న వేసి ఆగుతుంది. ఆ విరామంలో పిల్లలంతా జవాబు చెప్పాలి, టీచరు బోర్డు మీద రాయాలి, ఆ తరువాతే పాఠం ముందుకు కదులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆకాశవాణి ద్వారా వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ ఈ కోవలోదే. అందులోని కొన్ని సెకన్ల మౌనంలోనే పిల్లలు నోరు విప్పుతారు, టీచరూ వారితోపాటు పలుకుతారు. ఆ పలికినదాన్ని వినే శక్తి మాత్రం రేడియోకు లేదు.

ఈలోగా టీచరు మీద బరువు పెరిగింది. చాలాకాలం ఎన్నో ఉన్నత పాఠశాలల్లో సోషల్ చెప్పే మాస్టారే ఇంగ్లీషూ చెప్పారు. 2008లో ‘సక్సెస్’ పథకం కింద ఎంపికైన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చాక లెక్కలు, సైన్సు చెప్పేవారు కూడా ఇంగ్లీషులో బోధించవలసి వచ్చింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రాథమిక స్థాయికీ ఇంగ్లీషు మీడియం ప్రకటించగా మరుసటి ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వులను హైకోర్టు కొట్టివేసింది, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది; తెలంగాణ 2022-23 నుంచి తన బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. మాధ్యమం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, తెలుగులో చదివి, తెలుగులో పాతికేళ్లు పాఠం చెప్పిన మనిషిని కొద్ది రోజుల శిక్షణతో ఇంగ్లీషులో నిలబెట్టడం అన్యాయం.

2017 సెప్టెంబరు 5న దీక్షా వేదిక, 2019 ఆగస్టులో కేంద్రం చేపట్టిన టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠా ప్రారంభమయ్యాయి. కరోనాతో బడులు మూతపడ్డాక, ముఖాముఖి జరగవలసిన నిష్ఠా శిక్షణ 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్‌కు మారింది. పాఠం పలచబడకుండా లక్షలమందికి ఒకేలా చేరాలన్న పాత ఆశ దీనితో నెరవేరిందనే చెప్పాలి. నాడు భాషా ప్రయోగశాలలో టేపు చేసిన పనిని నేడు టీచరు చేతిలోని ఫోనే చేయగలదు. తరగతిలో తాను ఇచ్చే ఐదు నిమిషాల సూచనలను రికార్డు చేసుకుని, చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో నలుగురు తోటి టీచర్ల మధ్య వినిపించి, ‘ఈ వాక్యం పిల్లలకు అర్థమైందా, ఇంకెలా అనవచ్చు’ అని మాట్లాడుకోవడానికి కొత్త యాప్ అక్కరలేదు. సమావేశం ఎజెండాలో ఒక అరగంట కావాలి. అక్కడ పట్టుబడిన తప్పు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోకి ఎక్కదని పై అధికారి ఇచ్చే హామీ కావాలి.