బోరు కొట్టించే ముందు: పాత బండి కొన్న పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు కలిసి కొన్న పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కిక్కు కొడితే కాలికి బిగువు తగలడం లేదనీ, వేడెక్కాక ఎత్తు ఎక్కలేకపోతోందనీ, మెకానిక్కు చూసి "బోరు కొట్టించాలి" అన్నాడనీ రాశారు. బోరు కొట్టించడమంటే అరిగిన సిలిండరు లోపలి గోడను కాస్త వెడల్పుగా కోయించి, దానికి సరిపడే పెద్ద పిస్టను వేయించడం. అతను చెప్పింది బహుశా నిజమే. 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన ఆ బండ్లలో ఇప్పుడు రోడ్డు మీద తిరుగుతున్నవి చాలావరకు ఒకసారైనా బోరు చేయించుకునే ఉంటాయి. అయితే సిలిండరును పనివాడి చేతిలో పెట్టేముందు అక్కడ జరగబోయే పని ఏమిటో మీకు తెలిసి ఉండాలి. ఇనుము ఒకసారి కోశాక తిరిగి అతికించలేము.

మీ బండిది టూ స్ట్రోక్ ఇంజను. దాని సిలిండరు హెడ్డులో కవాటాలు ఉండవు. సిలిండరు గోడకున్న కిటికీలే, అంటే పోర్టులే, ఆ పని చేస్తాయి. పిస్టను పైకీ కిందికీ కదులుతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందువల్ల పిస్టను చుట్టూ ఉండే రింగులు నున్నటి గోడ మీదనే కాక ఆ కిటికీల అంచుల మీదుగా కూడా నిమిషానికి కొన్ని వేలసార్లు జారవలసి వస్తుంది. పైగా గోడకు అందే నూనె పెట్రోలుతో కలిసి వచ్చే ఆ కాస్తే. పిస్టను పైకొస చేరి తిరిగే చోట వేడి, ఒత్తిడి ఎక్కువగానూ నూనె పొర పలుచగానూ ఉంటాయి కనుక అరుగుదల అక్కడే ఎక్కువ. పొగ బయటికి పోయే ఎక్జాస్టు పోర్టు ఉన్న వైపు మరింత వేడెక్కుతుంది. ఫలితంగా సిలిండరు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా, అడ్డంగా చూస్తే కొద్దిగా కోలగా తయారవుతుంది.

ఇది కంటికి తెలియదు. వేలితో తడిమితే పైకొసన చిన్న మెట్టు తగలవచ్చు, అంతే. రంధ్రాల లోపలి వ్యాసం కొలిచే బోర్ డయల్ గేజితో పైన, మధ్యన, కింద మూడు ఎత్తులలో, పిస్టనుకు అడ్డంగా దూరే పిన్ను దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. ఆ ఆరు అంకెలను కాగితం మీద రాయించుకోండి. మామూలు వెర్నియరు కొలబద్దతో చూసి "ఫస్ట్ బోరు చాలు", అంటే మొదటి మెట్టు కోత చాలు, అనే షాపులో సిలిండరు ఇవ్వకండి.

కొలతలు చేతికి వచ్చాక ఏ సైజు అన్న ప్రశ్న వస్తుంది. ఈ ఇంజనుకు బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 50 మి.మీ., పిస్టను కదిలే దూరమైన స్ట్రోకు 50 మి.మీ.; ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో దొరుకుతాయి. 0.25 అంటే వ్యాసంలో పెరుగుదల. గోడకు ఒక్కోవైపు కోసేది అందులో సగం, 0.125 మాత్రమే. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. పైన కొలిస్తే 50.12 వచ్చిందనుకోండి. 50.25 దాకా కోస్తే గోడంతా శుభ్రపడుతుందని అనిపిస్తుంది. కానీ ఆ 0.12 అరుగుదల మొత్తం ఎక్జాస్టు వైపే జరిగి ఉంటే, పాత కేంద్రం నుంచి ఆ వైపు గోడ 25.12 దూరంలో ఉంటుంది. కొత్త బోరు వ్యాసార్థం 25.125. మిగిలిన తేడాతో పాత గీతలు పోవు. అప్పుడు 0.50కి వెళ్ళక తప్పదు. అలా వెళ్ళకుండా అరిగిన వైపుకు మెషీనును జరిపి కోసేవాళ్ళు ఉన్నారు. ఆ సిలిండరు చూడటానికి అద్దంలా ఉంటుంది కానీ బోరు కింద తిరిగే ఇరుసుకు, అంటే క్రాంకుకు, సూటిగా ఉండదు, పిస్టను ఒక పక్కకే రాసుకుంటుంది. అందుకే రింగులు చేరని అడుగుభాగం ఆధారంగా కేంద్రం పట్టాలి. దానికి ముందు సిలిండరు అడుగున అంటుకున్న పాత గ్యాస్కెట్టు పేలికలన్నీ గీకేయాలి. ఒక చిన్న ముక్క మిగిలినా సిలిండరు వాలి కూర్చుంటుంది.

పిస్టను ముందు కొని, దానితోపాటు సిలిండరును ఇవ్వండి. నెత్తిన 0.25 అని ముద్ర ఉన్న పిస్టన్లన్నీ ఒకే కొలతలో ఉండవు. తయారీదారును బట్టి సన్నని తేడాలుంటాయి. పనివాడు మీ పిస్టనును మైక్రోమీటరుతో, పిన్నుకు అడ్డదిశలో, మాన్యువల్ చెప్పిన ఎత్తులో కొలిచి, ఆ అంకెకు పిస్టనుకూ గోడకూ మధ్య కావలసిన సందు, అంటే క్లియరెన్సు, కలిపి బోరు తేల్చాలి. ఈ సైజు ఇంజనులో ఆ సందు మిల్లీమీటరులో వందో వంతులు నాలుగైదు ఉంటుంది. తక్కువైతే వేడికి పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు టకటకలాడుతుంది.

బోరింగు మెషీను మీద సాధనం పోర్టు దాటిన ప్రతిసారీ చిన్న శబ్దం వినిపిస్తుంది, అక్కడ కోత తెగి మళ్ళీ మొదలవుతుంది కనుక. అందుచేత టూ స్ట్రోకు సిలిండరుకు పలుచని కోతలే వేయాలి. చివరి నాలుగైదు వందో వంతులను హోనింగుకు, అంటే తిరిగే రాళ్ళతో గోడను సానబట్టే పనికి, వదిలిపెట్టాలి. హోనింగు రాళ్ళు పోర్టుల కంటే పొడవుగా ఉండాలి, లేకుంటే అవి కిటికీలోకి దిగి అంచులను తినేస్తాయి. అడ్డదిడ్డంగా పడే ఆ సన్నని గీతలలోనే నూనె నిలుస్తుంది. అది అయ్యాక పోర్టుల అంచులను చిన్న రాయితో కొద్దిగా వాలుగా రుద్దించడం మరువకండి. బోరు చేసిన అంచు బ్లేడులా ఉంటుంది; రింగు ప్రతిసారీ కొద్దిగా పోర్టులోకి ఉబికి మళ్ళీ లోపలికి వస్తుంది కనుక ఆ అంచుకు తగిలి విరుగుతుంది. ఎక్కువ షాపులు ఎగ్గొట్టే పని ఇదే.

ఒక మి.మీ. ఓవర్‌సైజు కూడా అయిపోతే, లేదా గోడకు లోతైన గాడి పడితే, స్లీవు, అంటే సిలిండరు లోపల గోడగా ఉండే ఇనుప గొట్టం, కొత్తది వేయించాలి. పాత స్లీవును పూర్తిగా కోసి తీసి, అల్యూమినియం బ్లాకులో కొత్త పోత ఇనుప స్లీవును దించుతారు. స్లీవు బయటి వ్యాసం బ్లాకు రంధ్రం కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా పెద్దదిగా ఉంచుతారు. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బ్లాకును 200 డిగ్రీల దగ్గరకు వేడి చేస్తే 56 మి.మీ. రంధ్రం సుమారు 0.2 మి.మీ. తెరుచుకుంటుంది. చల్లని స్లీవు సుత్తి అవసరం లేకుండా తన బరువుతోనే జారి దిగుతుంది. కానీ దిగిన వెంటనే అదీ వేడెక్కి బిగుసుకుంటుంది, సర్దుకోవడానికి క్షణాలే వ్యవధి. అందుకే పోర్టులు ఎదురెదురుగా వచ్చేటట్లు స్లీవు మీదా బ్లాకు మీదా ముందే గీతలు పెట్టుకోవాలి. పోర్టు ఒక్క మిల్లీమీటరు కిందికో పైకో జరిగినా బండి నడత మారిపోతుంది. సుత్తితో కొట్టి దించే వదులు స్లీవుకు బ్లాకుతో అంటు ఉండదు, వేడి బయట గాలికి చల్లారే రెక్కలకు చేరదు. చివరి బోరు స్లీవు దిగి చల్లారాకే చేయాలి, ఎందుకంటే బ్లాకు బిగింపుకు అది కొంత కుంచించుకుపోతుంది.

ఇంటికి తెచ్చాక సిలిండరును పెట్రోలుతో తుడిచి వదిలేయకండి. వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్లబట్టకు బూడిదరంగు అంటనంతవరకు తుడిచి, తడి ఆరగానే 2టీ ఆయిలు, అంటే టూ స్ట్రోకు ఇంజను నూనె, రాయండి. ఆలస్యమైతే తుప్పు పడుతుంది. రింగును పిస్టనుతో తిన్నగా బోరులోకి నెట్టి సందులు కొలిచే పలుచని రేకులతో, అంటే ఫీలర్ గేజితో, కొసల మధ్య ఖాళీ చూడండి. పిస్టను మీది రింగు గాడిలోని చిన్న పిన్నుకు రింగు కొసలు సరిపోవాలి, పిస్టను మీది బాణం ఎక్జాస్టు వైపు ఉండాలి. మొదటి 500 కిలోమీటర్లు సగం కంటే ఎక్కువ థ్రాటిలు తిప్పకండి, అలాగని ఒకే వేగంలో గంటలకొద్దీ పోకండి.

ఇంకో మాట. పాత బోరు ఎందుకు అరిగిందో కనుక్కోకుండా కొత్తది బిగించకండి. ఎయిర్ ఫిల్టరు చిరిగిందా, నూనె తక్కువ పోశారా, క్రాంకు ఆయిల్ సీళ్ళ దగ్గర గాలి పీలుస్తోందా అన్నవి చూడాలి. సీలు లీకైతే గాలి ఎక్కువై పెట్రోలు మిశ్రమం పలుచబడి, ఎంత మంచి బోరైనా వారంలో పట్టేయగలదు. ముందు ఆ ఆరు కొలతలూ, పాత పిస్టను నెత్తిన ఉన్న అంకెనూ రాసి పంపండి. సైజు అప్పుడు చెబుతాను. అందాకా పిస్టను కొనకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య