పీపీ నంబర్ ఉన్న సర్వర్

తొంభైల్లో మా ఊరికంతా ఒకటే ఫోన్, అది కిరాణా కొట్లో ఉండేది. దరఖాస్తుల మీద ఆ నంబరే రాసి, పక్కన ‘పీపీ’ అని, అంటే వేరేవాళ్ల ఫోన్, పిలిస్తే వస్తామని పెట్టేవాళ్లం. బొంబాయి నుంచి ఎవరైనా చేస్తే సేటు ‘పది నిమిషాలాగి చెయ్యండి’ అని పెట్టేసి, ఓ పిలగాణ్ని మా ఇంటికి ఉరికించేవాడు.

నల్లగొండ దగ్గర మా చిన్నాయిన బత్తాయి తోటలో ఈమధ్య ఒక రాస్ప్‌బెర్రీ పై పెట్టాను. అరచేతిలో పట్టే కంప్యూటర్ అది. బోరు స్టార్టర్ పక్కనే కూర్చుని, మోటార్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో ఒక వెబ్ పేజీలో చూపిస్తుంది. బోరులో నీళ్లు అయిపోయి మోటార్ వట్టిగా తిరిగితే ఆంపియర్లు పడిపోతాయి, కాబట్టి ఆ ఒక్క అంకె చాలు. తోటలో వైఫై అందినంత దూరం పేజీ బాగానే తెరుచుకుంది. హైదరాబాద్ వచ్చి తెరిస్తే మాత్రం రాలేదు.

కారణం అడ్రస్‌ల కరువు, అంటే ఇంటర్నెట్‌లో కంప్యూటర్లను గుర్తుపట్టే అంకెల కరువు. పాత పద్ధతి ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు సుమారు 429 కోట్లే. పంచడానికి కేంద్ర సంస్థ దగ్గర మిగిలిన చివరి కట్టలు కూడా 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. అందుకే ఇంట్లో ఫోన్‌కూ టీవీకీ 192.168తో మొదలయ్యే ప్రైవేటు అడ్రస్‌లు ఉంటాయి. ఇవే అంకెలు మీ ఇంట్లోనూ ఉంటాయి, పక్కింట్లోనూ ఉంటాయి. సిమ్ రౌటర్ అయితే ఇంకో మెట్టు కింద: కంపెనీ వందల మంది కస్టమర్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక నిలబెడుతుంది. తోట రౌటర్‌లో చూస్తే 100.72 అని కనిపించింది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఆ అడ్రస్‌లను సరిగ్గా ఇలాంటి పంపకానికే 2012లో పక్కన పెట్టారు. కొత్త పద్ధతి ఐపీవీ6లో అడ్రస్‌లకు కొదవ లేదు నిజమే. కానీ చూసేవాళ్ల నెట్‌లో కూడా అది ఉండాలి, దారిలో ఏ రౌటరూ అడ్డుపడకూడదు.

బయటివాడు లోపలికి రాలేడు కానీ, లోపలివాడు బయటికి పోవచ్చు. లోపలి నుంచి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో రౌటర్ గుర్తు పెట్టుకుంటుంది, బదులు వస్తే సరైన మనిషికి అందిస్తుంది. లోపలి నుంచి తెరిచిన దారిలోనే బయటివాళ్లను లోపలికి రానిచ్చే ఏర్పాటును టన్నెల్ అంటారు, దాని కిటుకంతా ఇక్కడే ఉంది. పబ్లిక్ అడ్రస్ ఉన్న చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకున్నాను. తోటలోని డబ్బా తనే దానికి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరపు కంప్యూటర్‌తో తాళం వేసి మాట్లాడే పద్ధతితో కనెక్షన్ కలిపి, ‘నీ దగ్గరికి నా కోసం ఎవరొచ్చినా ఈ లైన్లోనే నాకు పంపు’ అంటుంది. ఇక ఆ లైన్ పెట్టెయ్యదు. సిటీలో నేను పేజీ అడిగితే ఆ అడగడం అద్దె సర్వర్ దాకా పోయి, అక్కడి నుంచి తెరిచి ఉన్న లైన్లో తోటకు చేరుతుంది. ఎస్ఎస్‌హెచ్‌ను 1995లో ఫిన్‌లాండ్‌లో తయారుచేశారు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, ఎన్‌గ్రాక్ లాంటి సర్వీసులు చేసేదీ ఇదే పని, కాకపోతే మధ్య సర్వర్ వాళ్లదే.

ఆ లైన్ తెగకుండా చూసుకోవడమే అసలు తలనొప్పి. కొన్ని నిమిషాలు మాటల్లేకపోతే మొబైల్ నెట్‌వర్క్ ఆ కనెక్షన్‌ను మర్చిపోతుంది. అందుకని ముప్పై సెకన్లకోసారి ‘ఉన్నావా?’ అని అడిగేలా పెట్టాలి. ఇక కరెంటు పోయి వస్తే ప్రోగ్రామ్ తనంతట తనే లేవాలి. డబ్బాను నడిపే లినక్స్‌లో ఆ పని సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్‌ది. చిన్నాయినకు ‘మోటార్‌కు ఆటో స్టార్టర్ ఉన్నట్టే’ అని చెప్తే వెంటనే అర్థమైంది.

మొదటి వారమే ఫోన్. “ఏం బిడ్డా, కరెంటొచ్చి గంటయింది. నీ డబ్బా ఇంకా లేవలే?”

పోయి చూస్తే డబ్బా లేచే ఉంది, టన్నెల్ మాత్రం పడుకుంది. డబ్బా అర నిమిషంలో లేస్తుంది, రౌటర్‌కు సిగ్నల్ దొరకడానికి రెండు నిమిషాలు పడుతుంది. మళ్లీ మొదలుపెట్టే ముందు ఎంత ఆగాలో మనం చెప్పకపోతే సిస్టమ్‌డీ సెకనులో పదో వంతు మాత్రమే ఆగుతుంది. పది సెకన్లలో ఐదుసార్లు ఓడితే ఇక నా వల్ల కాదని వదిలేస్తుంది. నెట్ రాకముందే ఐదు ప్రయత్నాలూ అయిపోయాయి! “స్టార్టర్‌కు టైమర్ పెట్టినట్టు పెట్టరాదూ” అన్నాడు చిన్నాయిన. వోల్టేజీ కుదురుకునేదాకా మోటార్‌ను ఆపే టైమర్ అది. ఆగే సమయం 30 సెకన్లు చేశాను. ఆ తర్వాత ఈ ఫిర్యాదు రాలేదు.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది, పూర్తిగా నాదే. పేజీలో మోటార్ ఆఫ్ బటన్ కూడా పెట్టాను. అదే కంప్యూటర్ నుంచి, అంటే 127.0.0.1 నుంచి వచ్చేవాళ్లకు పాస్‌వర్డ్ అక్కర్లేదని రాసుకున్నాను. టన్నెల్ లోంచి వచ్చేవాళ్లంతా ఆ అడ్రస్ నుంచి వచ్చినట్టే కనిపిస్తారు. పీపీ ఫోన్లో బొంబాయి నుంచి చేసినా, దుబాయి నుంచి చేసినా పిలవడానికి వచ్చేది సేటు కొట్లో పిలగాడే కదా.

పేజీ అడ్రస్ ఎవరికీ చెప్పలేదు కదా అనే ధీమా కూడా నిలవలేదు. పేజీ రాకపోకలకు తాళం వేసే హెచ్‌టీటీపీఎస్ కోసం సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు అందరూ చదవగలిగే పబ్లిక్ లాగ్‌లోకి ఎక్కుతుంది. వాటిని కాపలా కాసే ప్రోగ్రామ్‌లు ఎన్నో. నా పేజీకి ఎవరొచ్చారో రాసుకునే లాగ్ తీసి చూస్తే ఎవరెవరో వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) లాగిన్ పేజీ కోసం తలుపు తడుతున్నారు. తోటలో వర్డ్‌ప్రెస్ ఎక్కడిది?

సేటు పక్కనే నిలబడి మన మాటలన్నీ వినేవాడు. మధ్య సర్వర్ సంగతీ అంతే: తాళం అక్కడ విప్పితే, దాన్ని నడిపేవాళ్లు లోపలి సమాచారం చదవగలరు. ఆంపియర్ల అంకెలకు ఫర్వాలేదు, బ్యాంకు లెక్కలకైతే నేను ఒప్పుకోను.

ఇప్పుడు పేజీకి ఎవరొచ్చినా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆఫ్ బటన్ తీసేశాను. మోటార్ ఆపాలంటే చిన్నాయినకు ఫోన్ చేస్తాను.