ఓడ జారే వాలు మీద బలాల లెక్క

1948 మార్చి 14న విశాఖపట్నం సింధియా షిప్‌యార్డులో, అంటే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డులో, నెహ్రూ ‘జల ఉష’ను జలప్రవేశం చేయించారు. స్లిప్‌వే (ఓడను నీళ్లలోకి దించే వాలు) మీద జారే ఓడ మీద, నీరు తగిలేదాకా, లెక్కపెట్టాల్సిన బలాలు మూడు: బరువు, వాలు తనకు లంబంగా ఇచ్చే అభిలంబ బలం, ఘర్షణ. ఇంటర్‌లో మూడింటికీ ఒకే రకం బాణాలు గీయిస్తారు. ఎమ్మెస్సీకొచ్చేసరికి అభిలంబ బలం సమీకరణంలోంచే మాయమైపోతుంది.

బరువెంతో ఓడ కదలకముందే చెప్పొచ్చు. ఇలా ముందే సూత్రం ఉన్నది ప్రయోగ బలం. వాలు ఇచ్చే బలానికి అలాంటి సొంత సూత్రం లేదు. ఓడ వాలులోకి దిగబడకుండా ఎంత కావాలో అంతే పుడుతుంది. చలనాన్ని లెక్కగట్టాకే దాని విలువ తేలుతుంది. ‘వాలులోకి దిగబడకూడదు’ లాంటి, కదలికకు హద్దు పెట్టే షరతు నిర్బంధం; దాన్ని నిలబెట్టే ఈ బలం నిర్బంధ బలం.

నిర్బంధ బలాన్ని లెక్కలోంచి తప్పించడానికి దారి వేసినవాడు ఫ్రెంచి గణితవేత్త డాలంబర్, 1743లో. తమాషా ఏమిటంటే, బలం అనే భావనంటేనే ఆయనకు అనుమానం! 1788లో గణితవేత్త లగ్రాంజ్ ఆ దారిని గణితంగా మార్చాడు: నిర్బంధాలు ఒప్పుకునే ఏ సూక్ష్మ కదలికలోనైనా నిర్బంధ బలాలు చేసే మొత్తం పని సున్నా. అందుకే అవి లెక్కలోంచి తప్పుకుంటాయి. కావాలంటే ఒక్కో నిర్బంధానికీ ఒక్కో అదనపు తెలియని రాశిని (గుణకాన్ని) సమీకరణంలో పెట్టి వాటిని వెనక్కి రప్పించుకోవచ్చు. 1894లో అచ్చయిన జర్మన్ భౌతికవేత్త హెర్ట్జ్ పుస్తకమైతే ఇంకా ముందుకెళ్లి, బలాలనే తీసేసి నిర్బంధాలతోనే యాంత్రికశాస్త్రం కట్టబోయింది.

పేచీ ఆ ‘సున్నా’ దగ్గరే ఉంది. న్యూటన్ మూడు సూత్రాల్లోంచి అది దానంతటదే రాదు, అదనంగా ఒప్పుకోవాల్సిన మాట. పాఠ్యపుస్తకాలు ‘నునుపైన తలం’ అనేసి దాటిపోతాయి.

తలం గరుకుగా ఉంటే? 1781లో పారిస్ అకాడమీ బహుమతి పొందిన ఫ్రెంచి భౌతికవేత్త కూలుంబ్ ఘర్షణ ప్రయోగాలు ఫ్రాన్స్‌లోని రోష్‌ఫోర్ నౌకాశ్రయంలో జరిగినవే, ఓడల పనివాళ్ల మధ్యే. ఓడ కదలనంతసేపు ఘర్షణ నిర్బంధ బలంలా నడుచుకుంటుంది, అవసరమైనంతే పుడుతుంది. జారడం మొదలయ్యాక దానికి సూత్రం దొరుకుతుంది. కానీ ఆ సూత్రంలో అభిలంబ బలం కూర్చుని ఉంటుంది, అంటే చలనం తేలాక గానీ తెలియనిది. నా దృష్టిలో ప్రయోగ, నిర్బంధ బలాలనే ఈ విభజనలోని అసలు పగులు ఇదే.

1895లో ఫ్రెంచి గణితవేత్త పాన్లెవే ఆ పగులును బయటపెట్టాడు. గరుకు తలం మీద జారే గట్టి కడ్డీకి కొన్ని స్థితుల్లో సమీకరణాలకు జవాబే ఉండదు, కొన్నిట్లో రెండుంటాయి. తలం రవ్వంత నొక్కుకుపోతుందని ఒప్పుకుంటే చిక్కు విడిపోతుంది. అయితే అప్పుడు, ఎంత నొక్కుకుంటే ఎంత బలమో చెప్పే సూత్రం వచ్చేస్తుంది కాబట్టి, నిర్బంధ బలం కూడా ప్రయోగ బలాల ఖాతాలోకే చేరుతుంది.