నిర్మాణ నిర్వహణ చదువులో ప్రాజెక్టు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చివరి ఏడాది రిపోర్టు రాయిస్తున్నాం కదా, ప్రాజెక్టు ద్వారా నేర్పడమంటే అదే.

వాస్తవం: పాఠాలన్నీ అయ్యాక రిపోర్టు బైండింగ్ చేయించడం వేరు, పని ముందు చేతికిచ్చి అవసరం పడ్డప్పుడల్లా పాఠం చెప్పడం వేరు. మొదటి వారంలోనే ప్లాను, అంకణాల్లో రాసిన స్థలం కాగితం, ఇంటి యజమాని బడ్జెట్టు ఇచ్చి చూడండి. అంకణాలను చదరపు మీటర్లలోకి మార్చే దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయి. కొలతల పాఠానికి సరైన సమయం అదే.

అపోహ: పెద్ద కంపెనీ సైటు దొరికితేనే కుదురుతుంది.

వాస్తవం: తిరుపతి శివారు కాలనీలో లేస్తున్న జీ ప్లస్ వన్ ఇల్లు చాలు. 9 × 6 మీటర్ల స్లాబు, మధ్యలో గోడ, మందం 125 మిల్లీమీటర్లు అనుకుందాం. బీములు వదిలేస్తే కాంక్రీటు 6.75 ఘనపు మీటర్లు. 1:1.5:3 పాళ్లలో, పొడి పరిమాణం కోసం 1.54తో హెచ్చిస్తే, సిమెంటు 54 బస్తాల పైచిలుకు. ఇంతవరకు పుస్తకం చూసి చేసేయొచ్చు. ఆ తర్వాతిది సైటులో నిలబడితేనే తెలుస్తుంది. ట్రిప్పుకు ఒక బస్తా సిమెంటు పట్టే మిక్సరు గంటకు ఎన్ని ట్రిప్పులు వేస్తోందో వాచీ చూసి రాసుకోవాలి. పది వేస్తే అయిదున్నర గంటల పని. ఏడే వేస్తే దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది, మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి దాకా సాగుతుంది. మధ్యలో ఆపాల్సివస్తే జాయింటు (పాత, కొత్త కాంక్రీటు కలిసే అతుకు) ఎక్కడ వదలాలో ముందే తేల్చుకోవాలి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్ల కాంక్రీటుకు 2 శాంపిళ్లు, ఒక్కో శాంపిలుకు బలం పరీక్షించే 3 క్యూబులు. ఆ ఆరు అచ్చులూ ముందురోజే సైటుకు చేర్చే బాధ్యత జట్టులో ఒకరి పేరున రాయించండి. పేరు రాయని పని జరగదు.

అపోహ: ప్రైమవేరా సాఫ్ట్‌వేర్ నేర్పితే షెడ్యూలింగ్ వచ్చేసినట్టే.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ మనమిచ్చిన రోజులనే కూడుతుంది. పని పరిమాణాన్ని జట్టు ఒక రోజులో చేయగలిగే పనితో భాగించి రోజులు తేల్చడం విద్యార్థికి రావాలి. కాబట్టి ముందు ఇరవై, పాతిక పనుల నెట్‌వర్కును (ఏ పని తర్వాత ఏదో చూపే పటం) చార్టు మీద చేత్తో గీయించాలి.

ఎక్కువమంది తప్పేది స్లాబు కింద నిలిపే సపోర్టుల దగ్గర. 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబుకు సపోర్టులు 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. ఆ అంకెను అలాగే ఎక్కించేస్తారు. అది మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు, 15 డిగ్రీలకు తగ్గని వాతావరణానికి చెప్పిన గడువు. అంగట్లో కొన్నది పీపీసీ (బూడిద వంటి పోజోలానా కలిపిన సిమెంటు) అయితే గడువు పెంచాలి. క్యూరింగు కూడా 7 రోజులు కాదు, కనీసం 10 రోజులు చేయాలి. ఈ ఒక్క సవరణతో పై అంతస్తు గోడల తేదీ వెనక్కి జరుగుతుంది, దాని వెనక ప్లంబింగ్, పూత పనుల తేదీలూ జరుగుతాయి. ఏ తేదీ ఎన్ని రోజులు జరిగిందో విద్యార్థి చేత్తో లెక్కగట్టాలి.

తర్వాత స్థానిక క్యాలెండర్ చేతికివ్వండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పునాది గుంతలు నింపుతాయి. బ్రహ్మోత్సవాలప్పుడు నగరంలో ట్రాఫిక్ మళ్లింపులుంటాయి, కంకర లారీ అనుకున్న వేళకు రాదు. సంక్రాంతికి మేస్త్రీలు, కూలీలు ఊళ్లకు వెళ్తారు. ఈ మూడూ లేకుండా ఇక్కడ గీసిన బార్ చార్టును మేమైతే వెనక్కి ఇచ్చేస్తాం.

అపోహ: జట్టులో ఒకరిద్దరే చేస్తారు, మార్కులు అందరికీ పడతాయి.

వాస్తవం: అందరికీ ఒకే మార్కు వేస్తే జరిగేది అదే. జట్టుకు నలుగురైదుగురు మించకూడదు. కొలతలు, రేట్లు, షెడ్యూలు, నాణ్యత అనే బాధ్యతలను మూడు వారాలకోసారి మార్చాలి. సైటు డైరీ ఎవరిది వారే చేత్తో రాయాలి: ఆ రోజు కూలీల సంఖ్య, వచ్చిన సామాను, ఆగిన పని, ఎందుకు ఆగింది. వైవాలో ఒకరి ఎస్టిమేటును మరొకరితో వివరింపజేయండి. సగం మార్కులైనా ఎవరికి వారికి విడిగా ఉండాలి.

అపోహ: సైటుకు తీసుకెళ్తే చాలు, మిగతాది వాళ్లే చూసి నేర్చుకుంటారు.

వాస్తవం: ఏం చూడాలో చెప్పకపోతే ఫొటోలు దిగి వస్తారు. ఒక్కో సందర్శనకు ఒక్క పేజీ చెక్‌లిస్టు ఇవ్వండి. స్లాబుకు ముందురోజైతే కవర్ బ్లాకులు (కడ్డీలను సెంట్రింగ్‌కు ఎత్తుగా ఉంచే దిమ్మలు), కడ్డీల మధ్య దూరం, ల్యాప్ పొడవు (కడ్డీ మీద కడ్డీ కలిసే పొడవు), కరెంటు పైపులు, సెంట్రింగ్ సందులు చూడమనండి. యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. హెల్మెట్, బూట్లు లేనివారిని లోపలికి పంపొద్దు. కాంక్రీటు పోస్తుండగా సెంట్రింగ్ కింద ఒక్క విద్యార్థి కూడా ఉండకూడదు.