పొరలు విప్పే ద్రవం

ఒక మిల్లీమీటరు మందమున్న గ్రాఫైట్‌లో దాదాపు 30 లక్షల పొరలుంటాయి. పొర లోపల కార్బన్ పరమాణువుల బంధం చాలా గట్టిది. పొరకూ పొరకూ మధ్య ఉన్నది మాత్రం బలహీనమైన వాన్ డర్ వాల్స్ ఆకర్షణే. మాలిబ్డినం డైసల్ఫైడ్‌తో ఏర్పడిన మాలిబ్డినైట్ ఖనిజం తీరూ ఇంతే. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలోవ్ అంటుకునే టేపుతో గ్రాఫైట్ నుంచి ఒంటి పొరను ఊడదీశారు. అదే గ్రాఫీన్. 2010లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే టేపుతో పెద్ద మొత్తంలో తీయడం కుదిరే పని కాదు.

ఆ పని ద్రావణులతో కుదిరింది. 2008లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో జొనాథన్ కోల్మన్ బృందం గ్రాఫైట్ పొడిని ఎన్-మిథైల్ పైరోలిడోన్ అనే సేంద్రియ ద్రావణిలో కలిపి అతిధ్వని తరంగాలను ప్రయోగించింది. ఆ తరంగాలకు ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి, మరుక్షణమే చితికిపోతాయి. ఆ తాకిడికి పొరలు విడివడతాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిరగిరా తిప్పి బరువైనవాటిని వేరుచేసే యంత్రంలో, తిప్పితే మందపాటి ముక్కలు అడుగుకు చేరతాయి. పైన మిగిలే బూడిదరంగు ద్రవం చూడటానికి మామూలు ద్రావణంలాగే ఉంటుంది. దానిలోకి లేజర్ కాంతి పంపితే కిరణం వెళ్లే దారి కనిపిస్తుంది. లోపల తేలాడే రేకులు కాంతిని చెదరగొట్టడమే కారణం.

నన్ను ఆకట్టుకునేది ఆ తర్వాతి ఘట్టం. పొరలను విడదీయడం కంటే, విడిపోయినవి మళ్లీ అతుక్కోకుండా చూడటమే కష్టం. నీటి తలతన్యత, అంటే ఉపరితలపు బిగువు, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఒట్టి నీటిలో ఈ రేకులు నిలవవు, గుంపుకట్టి అడుగుకు దిగిపోతాయి. బాగా పనిచేసే ద్రావణులకు ఈ విలువ 40 దరిదాపుల్లో ఉంటుంది. రేకు ఉపరితల శక్తీ, తలతన్యతతో ముడిపడిన ద్రవం ఉపరితల శక్తీ దగ్గరగా ఉంటే కొత్త ఉపరితలం ఏర్పడటానికి శక్తి ఖర్చు దాదాపు ఉండదు. అప్పుడు రేకులు మళ్లీ దొంతరగా చేరడం వల్ల కలిసివచ్చే శక్తీ స్వల్పమే.

ఎన్-మిథైల్ పైరోలిడోన్ గర్భస్థ శిశువుకు హాని చేసే రసాయనం. పైగా 200 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని మరగదు కాబట్టి రేకుల నుంచి దాన్ని పూర్తిగా తొలగించడం కష్టం. అందుకే నీరు, ఇథనాల్ మిశ్రమం నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. విడివిడిగా రెండూ ఈ పనికి అంతగా పనికిరావు. తగిన పాళ్లలో కలిపితే మాలిబ్డినం డైసల్ఫైడ్ రేకులు చక్కగా నిలుస్తాయి.

2014లో కోల్మన్ బృందమే అతిధ్వని తరంగాలు లేకుండా, వేగంగా తిరిగే మిక్సర్‌తోనూ పొరలు విడదీయవచ్చని చూపింది. వందల లీటర్ల స్థాయికి తీసుకెళ్లగల పద్ధతి అది. ఇలా వచ్చే రేకులు చిన్నవి, ఎక్కువ భాగం అనేక పొరలవి. చిప్‌ల తయారీకి ఇవి సరిపోవు. విద్యుత్ వాహక సిరాలకూ, బ్యాటరీ ఎలక్ట్రోడ్లకూ, ప్లాస్టిక్‌ను దృఢపరచడానికీ ఇవే చాలు.