కంటి జన్యువు ముందున్న ఆ కొద్ది అక్షరాలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

జన్యువు చెడితే జబ్బు వస్తుందని మీరు పాఠంలో చదువుకున్నారు. అయితే జన్యువులో ఒక్క అక్షరమైనా చెడకుండానే కన్ను రంగులను పోల్చుకోలేకపోయే సందర్భం ఒకటుంది. డీఎన్ఏలో జన్యువులు కాని భాగాన్ని చాలాకాలం పనికిరానిదిగా తీసిపారేశారు కాబట్టి, ఆ సందర్భం గురించి మీకు వివరంగా చెప్పాలనిపించింది.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఉండేది ఒకే డీఎన్ఏ. ఏ, టీ, జీ, సీ అనే నాలుగే రసాయన అక్షరాలతో, సుమారు 300 కోట్ల అక్షరాల పొడవున్న ఆ రాతలో ప్రోటీన్ల తయారీకి నేరుగా పనికొచ్చే భాగం రెండు శాతం కూడా ఉండదు. మసక వెలుతురులో చూపునిచ్చే రోడాప్సిన్ జన్యువు కాలేయ కణంలోనూ ఉంది, కానీ అక్కడ అది పనిచేయదు. కంటి వెనక పొర అయిన రెటీనాలోని దండకణాల్లో మాత్రం అదే జన్యువు రాత్రింబవళ్లు ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఈ తేడా తెచ్చేవి జన్యువు దగ్గర్లోనో, కొంత దూరంలోనో ఉండే నియంత్రణ క్రమాలు, వాటిని గుర్తుపట్టి వాటిపై వాలే ప్రత్యేక ప్రోటీన్లు. అలాంటి వాటిలో సీఆర్ఎక్స్ అనే ప్రోటీన్ టీఏఏటీసీసీ వంటి వరుసను గుర్తుపడుతుంది. ఎన్ఆర్ఎల్ అనే మరొకటి దండకణాల్లో ఉంటుంది, పగటి వెలుతురులో రంగులను పట్టే శంకుకణాల్లో ఉండదు. 2001లో ఆనంద్ స్వరూప్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో ఈ ఎన్ఆర్ఎల్ జన్యువును తొలగించి చూస్తే, వాటి రెటీనాలో దండకణాలే ఏర్పడలేదు. వాటి స్థానంలో నీలి కాంతిని పట్టే శంకుకణాల వంటివి వచ్చాయి. ఒక్క ప్రోటీన్ లేకపోయేసరికి కణం తీరే మారిపోయిందన్నమాట.

ఇక రంగుల సంగతికి వస్తాను. ఎరుపు, ఆకుపచ్చ కాంతులను గ్రహించే ప్రోటీన్ల జన్యువులు రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. వాటి అక్షరాలు సుమారు 98 శాతం ఒకేలా ఉంటాయి. జెరెమీ నేథన్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1986లో ఈ జన్యువులను వెలికితీశారు. ఆ తరువాత వారు, పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ శంకుకణాలు రెండూ పనిచేయని మగవారున్న కుటుంబాలను పరిశీలించి 1989లో ఫలితాలు ప్రకటించారు. అలాంటి పిల్లలు ఎండలో కళ్లు విప్పలేరు, వారి చూపు మందంగా ఉంటుంది, కనుగుడ్లు అదురుతుంటాయి. కొన్ని కుటుంబాల్లో జన్యువులు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కానీ ఎరుపు జన్యువుకు సుమారు మూడున్నర వేల అక్షరాల ముందున్న ఒక చిన్న ముక్క లేదు. ఆ కుటుంబాలన్నింటిలోనూ ఉమ్మడిగా లోపించిన భాగం దాదాపు 600 అక్షరాలు మాత్రమే. చెరువు కింద పొలం ఎంత సారవంతమైనదైనా తూము లేకపోతే తడవదు. ఈ ముక్క ఆ రెండు జన్యువులకూ కలిపి ఉన్న ఒకే ఒక్క తూము.

నాకు అన్నింటికన్నా అబ్బురంగా తోచేది దీని తరువాతి సంగతి. ఆ ముక్క దూరంగా ఉన్నా, డీఎన్ఏ వంగి మడతపడినప్పుడు అది జన్యువు మొదట్లో ఉండి దాని పనిని మొదలుపెట్టించే ప్రమోటర్ అనే భాగాన్ని చేరుకుంటుంది. ఒక కణంలో అది రెండు జన్యువుల్లో ఏదో ఒకదానితోనే జతకడుతుంది కనుక, ఆ శంకుకణం ఎరుపుదో ఆకుపచ్చదో అవుతుందే తప్ప రెండూ కాదు. ఒకే కణంలో రెండు ప్రోటీన్లూ కలిసి తయారైతే, వాటి సంకేతాలను విడివిడిగా పోల్చుకుని పండు మిరపకాయనూ పచ్చి మిరపకాయనూ రంగును బట్టి వేరుచేయడం మెదడుకు సాధ్యమయ్యేది కాదు. చాలామందికి ఆకుపచ్చ జన్యువు నకళ్లు ఒకటికి మించి ఉన్నా, వరుసలో మొదటి రెండు జన్యువులే సాధారణంగా పనిచేస్తాయి. వెనకున్నవి ఆ ముక్కకు దూరమైపోతాయి.

ఇదంతా ఊహ కాదు. 1992లో నేథన్స్ బృందం, నీలం రంగును పుట్టించే ఒక బ్యాక్టీరియా జన్యువుకు మానవ డీఎన్ఏలోని ఈ ముందు భాగాన్ని అతికించి ఎలుకల్లో ప్రవేశపెట్టింది. ఎలుకల రెటీనాలో శంకుకణాలు నీలంగా కనిపించాయి. ఆ చిన్న ముక్కను తీసేసినప్పుడు రంగు రాలేదు.

2009లో అమెరికాలోని సియాటిల్‌లో జే నైట్జ్, మౌరీన్ నైట్జ్ దంపతుల బృందం ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని స్క్విరెల్ కోతుల కళ్లలోకి, హాని చేయని వైరస్ ద్వారా మానవుల ఎరుపు జన్యువును పంపించింది. జన్యువును ఒంటరిగా పంపలేదు. అది శంకుకణాల్లోనే పనిచేసేలా ఈ నియంత్రణ ముక్కనూ, ప్రమోటర్‌నూ దాని ముందు చేర్చి మరీ పంపారు. కొన్ని నెలలకు, అప్పటికే పెద్దవైన ఆ కోతులు తెరమీది బూడిద రంగు చుక్కల మధ్య దాగిన ఎర్ర చుక్కలను, ఆకుపచ్చ చుక్కలను గుర్తించి ముట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య