ధ్యానంలో చప్పుడు వినిపిస్తుందా?

గాఢమైన ధ్యానంలో ఉన్నవాడికి బయటి చప్పుడు వినిపిస్తుందా? బౌద్ధ సాధకుల మధ్య ‘అసలు ఝానం’ (మనసు పూర్తిగా లీనమయ్యే ధ్యానస్థితి) ఎంత లోతుండాలన్న తగువు చాలావరకు ఈ చిన్న ప్రశ్న దగ్గరే తేలుతుంది, తేలకపోతే అక్కడే ఆగుతుంది.

పాళీ గ్రంథాల్లోనే రెండు కథలున్నాయి. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడి తొలి గురువుల్లో ఒకడైన ఆళార కాలాముడు దారి పక్కన చెట్టు కింద కూర్చున్నాడు. 500 బళ్లు ఆయన్ని దాదాపు రాసుకుంటూ పోయాయి. పైబట్ట నిండా దుమ్ము. మెలకువగానే ఉన్నా ఒక్క బండినీ చూడలేదు, చప్పుడూ వినలేదు. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో సంగతి వేరు. సప్పినిక నది ఒడ్డున నిశ్చల సమాధిలో ఉండగా ఏనుగులు నీళ్లలో దిగి ఘీంకరించడం విన్నానన్నాడు బుద్ధుడి ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడు. లేని సిద్ధిని చెప్పుకుంటున్నాడని తోటి భిక్షువులు గొణిగారు. బుద్ధుడు తప్పుపట్టలేదు, ఆ సమాధి నిజమే గానీ పరిశుద్ధం కాలేదన్నాడు.

బౌద్ధ శాఖల వాదాలను చర్చించే పాళీ గ్రంథం కథావత్థులో ఇది పెద్ద వాదమే అయింది. సమాపత్తిలో, అంటే ధ్యానస్థితిలో, ఉన్నవాడు శబ్దం వింటాడన్నది పుబ్బసేలియుల మతమని దాని వ్యాఖ్యానమైన అట్ఠకథ చెబుతుంది. ధాన్యకటకం శాసనాల్లో కనిపించే ఆంధ్రదేశపు శాఖ వీళ్లది. మొదటి ఝానానికి శబ్దం ముల్లని బుద్ధుడే అన్నాడు, వినపడకపోతే అది గుచ్చుకునేదెలా అని వాళ్ల ప్రశ్న. నాకైతే ఇప్పటికీ గట్టి ప్రశ్నే అనిపిస్తుంది. విన్నాడంటే అప్పటికే బయటికి వచ్చేశాడని ఈ గ్రంథాన్ని ప్రమాణంగా తీసుకునే థేరవాద శాఖవాళ్ల జవాబు.

5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు ధ్యానసాధన గ్రంథం విసుద్ధిమగ్గం రాశాక ఝానానికి మెట్టు బాగా ఎత్తయింది. అందులో చెప్పిన ప్రకారం, కసిణంతో (మట్టి బిళ్లలాంటి ధ్యాన వస్తువుతో) తొలి సాధన చేయగలిగేది నూటికో వేయికో ఒక్కరు. వాళ్లలో నిమిత్తం (మనసులో మెదిలే ఆ వస్తువు ప్రతిరూపం) పుట్టేది మళ్లీ నూటికో వేయికో ఒక్కరికి. దాన్ని పెంచి అప్పనకు, అంటే పూర్తి లీనతకు, చేరేదీ అంతే. నూటికొకరు చొప్పున లెక్కేసుకున్నా 10 లక్షల మందిలో ఒకరు!

1949లో రంగూన్ చేరిన బర్మా భిక్షువు మహాసి సయాదో ఈ మెట్టునే పక్కన పెట్టారు. ఝానం లేకుండా క్షణిక సమాధితోనే (క్షణక్షణం నిలిచే ఏకాగ్రతతోనే) విపస్సన, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూసే సాధన, సాగుతుందంటూ గృహస్థులకు కడుపు ఉబ్బడం, తగ్గడం గమనించడం నేర్పారు. చప్పుడు వినబడితే ‘వింటున్నాను’ అని గుర్తించడమే అక్కడ సాధన. శ్రీలంకలో కొందరు భిక్షువులు దీన్ని తీవ్రంగా ఖండించారు.

తర్వాత బర్మాలోనే పా ఆక్ సయాదో విసుద్ధిమగ్గం కొలతనే పట్టుకుని నేర్పారు. జర్మనీలో పుట్టిన భిక్షుణి అయ్యా ఖేమా అంతకన్నా తేలిగ్గా అందే ఝానాలను నేర్పారు. ఒకరి దగ్గర మొదటి ఝానం అందిందనిపించుకున్న సాధకుడు ఇంకొకరి దగ్గరికి వెళ్తే, ‘మధ్యలో గంట వినిపించిందా?’ అన్న ప్రశ్నతోనే ఉపచారం, అంటే ఝానానికి ముందు దశ, దాటలేదని తేలిపోవచ్చు.